అయిదో తరగతితో ఆగిన అమ్మకు మతిమరుపు రాసిపెట్టి ఉందా?

మీరు అడిగింది ఇది: అమ్మగారికి 67 ఏళ్ళు, అయిదో తరగతితో చదువు ఆగిపోయింది, ఈ మధ్య పేర్లు మర్చిపోతున్నారు. యౌవనంలో రాసిన రాతను చూసి ముసలితనంలో అల్జీమర్స్ వస్తుందో రాదో చెప్పేయొచ్చని ఒక వీడియోలో విన్నారు. అమ్మగారు జీవితంలో ఒక పేజీ కూడా రాయలేదు. మీ తొమ్మిదేళ్ళ పాప తెలుగులో నాలుగు వాక్యాలు వరసగా చెప్పలేదు, సగం ఇంగ్లీషే. ఇద్దరి గురించీ టెన్షన్ పడుతున్నారు.

నేను స్పీచ్ థెరపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా హైదరాబాదులో మెమరీ క్లినిక్కుల్లో పెద్దవాళ్ళ మాటను, జ్ఞాపకాన్ని పరీక్షించడమే నా పని. ఆ వీడియో చెప్పిన పరిశోధన నిజమే, చాలా గొప్పది కూడా. కానీ దాన్ని జాతకంలా చదివేశారు. అది మీ అమ్మగారి గురించి ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియాలంటే అసలు ఏం జరిగిందో ముందు తెలుసుకోవాలి.

అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే శాస్త్రవేత్త 1986లో మిన్నెసోటాలోని మాన్‌కేటో అనే ఊళ్ళో ఉన్న క్రైస్తవ సన్యాసినుల మఠానికి వెళ్ళి, వృద్ధాప్యం మీద తన పని మొదలుపెట్టారు. తర్వాత అది కెంటకీ విశ్వవిద్యాలయం నుంచి నడిచింది. స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోట్రడామ్ అనే ఆ సంఘానికి చెందిన 678 మంది సిస్టర్లు అందులో చేరారు. చేరేనాటికి వాళ్ళ వయసు 75 నుంచి 102 దాకా. ఏటా జ్ఞాపకశక్తి పరీక్షలకు కూర్చుంటామని, చనిపోయాక మెదడు పరిశోధనకు ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు గురించి చదివిన ప్రతిసారీ వాళ్ళ మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

సన్యాసినులనే ఎందుకు ఎంచుకున్నారంటే, వాళ్ళ జీవితం దాదాపు ఒకేలా గడిచింది. ఒకే రకం ఇల్లు, ఒకే వంట, సిగరెట్టు లేదు, మద్యం దాదాపు లేదు, కాన్పులు లేవు, ఎక్కువ మందిది టీచరు ఉద్యోగం. మామూలు జనంలో ఎవరికి మతిమరుపు వచ్చినా డబ్బు వల్లనా, తిండి వల్లనా, పని వల్లనా అని విడదీయడం కష్టం. ఇక్కడ ఆ చిక్కులు చాలావరకు పోయాయి.

తర్వాత మఠం బీరువాల్లో పాత కాగితాలు దొరికాయి. దీక్ష తీసుకోవడానికి కొన్ని వారాల ముందు ఒక్కొక్క అమ్మాయి తన గురించి ఒక పేజీలో రాసి ఇవ్వాలన్నది అక్కడి పద్ధతి. ఎక్కడ పుట్టారు, అమ్మానాన్నలెవరు, ఏం చదివారు, మఠంలో ఎందుకు చేరాలనుకుంటున్నారు, అంతే. రాసేనాటికి సగటున 22 ఏళ్ళు. అలాంటి 93 మంది రాతను సుసాన్ కెంపర్ అనే భాషాపరిశోధకురాలు, ఆమె బృందం విడగొట్టి చూశారు. రెండు కొలతలు పెట్టుకున్నారు. వాక్యం కట్టు ఎంత చిక్కగా ఉంది అన్నది ఒకటి. పది మాటల్లో ఎన్ని విషయాలు ఇమిడాయి అన్నది రెండోది. ఈ రెండోదాన్ని భావ సాంద్రత అందాం.

ఒక ఉదాహరణ నేనే రాసి చూపిస్తాను. ఒక అమ్మాయి ఇలా రాసిందనుకోండి: "మాది చిన్న ఊరు. మేము ఆరుగురం. నాన్న వ్యవసాయం చేస్తారు. నేను డిగ్రీ చదివాను." ఇంకో అమ్మాయి ఇలా: "వానాకాలం వాగు పొంగితే బడికి దారి ఉండని ఊళ్ళో ఆరుగురిలో చివరిదాన్నై పుట్టి, చదువు మానిపిస్తానన్న నాన్నతో రెండేళ్ళు పోట్లాడి డిగ్రీ దాకా వచ్చాను." చెప్పిన సంగతులు దాదాపు అవే. రెండో రాతలో మాత్రం ఒక విషయం ఇంకో విషయాన్ని పట్టుకుని ఉంది: ఎప్పుడు, ఎందుకు, ఎవరిని కాదని. వీటిని ఒకేసారి మనసులో పట్టుకుని ఒక వాక్యంలోకి తేవాలంటే మెదడు గట్టిగా పనిచెయ్యాలి.

ఆ రాతలకు దాదాపు 58 ఏళ్ళ తర్వాత అదే సిస్టర్లకు పరీక్షలు పెట్టారు. యౌవనంలో భావ సాంద్రత తక్కువగా ఉన్నవాళ్ళకు వృద్ధాప్యంలో మార్కులు తక్కువ వచ్చాయి. వ్యాకరణం కన్నా భావ సాంద్రతకే ఈ సంబంధం గట్టిగా కనబడింది. అప్పటికి ఆ 93 మందిలో 14 మంది చనిపోయారు. భావ సాంద్రత తక్కువగా ఉన్న వాళ్ళందరి మెదళ్ళలోనూ అల్జీమర్స్ తేలింది, ఎక్కువగా ఉన్న వాళ్ళలో ఒక్కరికీ లేదు. 1996 ఫిబ్రవరిలో ఇది అచ్చయినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మీరు చూసిన వీడియో ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది.

14 మెదళ్ళు చాలా తక్కువ. 93 మందీ అమెరికన్ తెల్లజాతి స్త్రీలు, ఎక్కువగా కాలేజీ చదివిన టీచర్లు. చదువుకునే అవకాశం దొరికిన వాళ్ళలో ఒకరి రాతకూ ఇంకొకరి రాతకూ ఉన్న తేడాను ఆ పరిశోధన కొలిచింది. అయిదో తరగతిలో పుస్తకాలు లాగేసుకుని పొలానికి పంపిన పిల్లను కొలవలేదు. మీ అమ్మగారి చేతికి ఎవరూ కాగితం ఇవ్వనేలేదు. ఇవ్వని కాగితం మీద ఆమె ఏం రాయలేదో చూసి మార్కులు వేయడం ఎంత అన్యాయం!

ఇంకో మాట. ఆ కొలత ఇంగ్లీషు కోసం తయారైంది. అక్కడ ప్రతి చిన్న ముక్కా విడి మాట. మనం "రాలేకపోయానంటే" అన్నామంటే రావడం, చేతకాకపోవడం, చెప్పే మనిషి, షరతు అన్నీ ఒకే మాటలో అతుక్కుని ఉంటాయి. పది మాటలకు ఎన్ని భావాలు అనే లెక్కను తెచ్చి తెలుగు మీద అలాగే పెట్టకూడదు.

అసలు ఏది కారణం, ఏది ఫలితం అన్న ప్రశ్న కూడా ఉంది. హైకో బ్రాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం ఏడాది వయసు నుంచి వందేళ్ళ దాకా 2,332 మంది మెదళ్ళను పరీక్షించి 2011లో ప్రచురించింది. అల్జీమర్స్‌లో కనబడే టావ్ అనే ప్రొటీన్ మార్పుల తొలి జాడలు చాలా చిన్న వయసు మెదళ్ళలో కూడా దొరికాయి. దాన్ని బట్టి కొందరి వాదన ఏమిటంటే, 22 ఏళ్ళప్పటి పలచని రాత జబ్బుకు కారణం కాదు, అప్పటికే మొదలైన మార్పుల నీడ అని. మరికొందరు, మెదడు మొదటినుంచీ గట్టిగా కట్టుకుంటే జబ్బు వచ్చినా తట్టుకుంటుంది అంటారు. దీన్ని పొదుపు సొమ్ముతో పోల్చవచ్చు. ఇంట్లో నిల్వ ఉంటే ఒక పంట పోయినా కుటుంబం వీధిన పడదు.

నా మనసు ఈ రెండో మాట వైపే మొగ్గుతుంది. కారణం ఆ సిస్టర్లే. సిస్టర్ మేరీ అని ఒకావిడ 101వ ఏట చనిపోయేదాకా పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నారు. తర్వాత చూస్తే ఆమె మెదడు నిండా అల్జీమర్స్‌లో పేరుకునే ప్లేక్‌లు అనే ప్రొటీన్ ముద్దలు, నరాల కణాల్లో చిక్కుముళ్ళు. జబ్బు ఉంది, కానీ మనిషికి తెలియలేదు, చుట్టుపక్కల వాళ్ళకూ తెలియలేదు. మెదడులో జబ్బు గుర్తులున్నా మతి చెడని సిస్టర్లను 2009లో ఇంకో బృందం విడిగా చూసింది. యౌవనంలో వాళ్ళ రాతలో భావ సాంద్రత ఎక్కువ ఉన్నట్టు అక్కడ తేలింది.

స్కాట్లాండులోనూ ఇలాంటిదే జరిగింది. 1921లో పుట్టిన పిల్లలందరికీ 1932 జూన్ 1న ఒకే రోజు తెలివితేటల పరీక్ష పెట్టారు. 87,498 మంది రాశారు. దశాబ్దాల తర్వాత ఆ కాగితాలు పట్టుకుని వెతికితే, పదకొండో ఏట తక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో ముసలితనపు డిమెన్షియా (మతి క్రమంగా చెడే జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) కొంచెం ఎక్కువగా కనబడింది. చిన్న వయసులోనే వచ్చే డిమెన్షియాకు ఆ సంబంధం లేదు. అంటే బాల్యానికీ వృద్ధాప్యానికీ మధ్య దారి ఉన్నది నిజం. అది ఇనప గొలుసు మాత్రం కాదు.

ఇక మన హైదరాబాదు సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. అప్పట్లో ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, వారి సహచరులు, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించారు. వాళ్ళలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళు. ఒకే భాష వాళ్ళతో పోలిస్తే వీళ్ళకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. కెనడాలో అంతకుముందే ఇలాంటి తేడా కనబడింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళు కాబట్టి, తేడా భాష వల్లా వలస వల్లా అన్న అనుమానం మిగిలింది. హైదరాబాదులో పుట్టిన ఊళ్ళోనే తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసి తిరుగుతాయి. అక్షరం ముక్క రాని వాళ్ళలో కూడా ఈ ఆలస్యం కనబడటమే ఇందులో అసలు విశేషం. వాళ్ళలో తేడా ఆరేళ్ళు. బడిలో కాక బజారులో, పక్కింటి వాకిట్లో నేర్చుకున్న భాష అది. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వస్తే అదనపు లాభం మాత్రం కనబడలేదు. 2016లో అదే నిమ్స్ నుంచి, పక్షవాతం వచ్చిన 608 మంది మీద ఇంకో పరిశీలన వచ్చింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒక భాష వాళ్ళలో 19.6 శాతం.

దీన్ని కూడా మంత్రంలా తీసుకోకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ముందునుంచీ ఏళ్ళ తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో, రెండు భాషలు వస్తే డిమెన్షియా వచ్చే ముప్పు తగ్గినట్టు తేలలేదు. లక్షణాలు ఆలస్యం కావడం వేరు, జబ్బే రాకపోవడం వేరు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెబుతాను, మీ అమ్మగారి కోసమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో కూరగాయలు అమ్మే ఒకావిడను కొడుకు తీసుకొచ్చాడు. డెబ్భై దగ్గర వయసు. నేను పరీక్ష కాగితం తీసి వరసగా అడిగాను. ఒక వాక్యం రాయమ్మా, వందలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ పో, ఈ అయిదు మూలల బొమ్మ గీయి. పెన్సిల్ ఎటు పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. సిగ్గుతో తల వంచుకుంది. నేను మార్కులు కూడి, డిమెన్షియా అని రాశాను. మా సీనియర్ మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చుని, "అమ్మా, నిన్న టమాటా ఎంతకు కొన్నావ్, ఎంతకు అమ్మావ్, ఎంత మిగిలిందీ?" అన్నారు. ఆవిడ గంప లెక్క, కిలో లెక్క, కుళ్ళినవి తీసేస్తే నష్టం, ఉర్దూలో బేరమాడిన గిరాకీ ఏమన్నదీ, తానేమన్నదీ, అన్నీ వరస తప్పకుండా చెప్పింది. ఆమెకు కావలసింది చెవి పరీక్ష. కొడుకు చెప్పినవి ఆమెకు వినబడటం లేదు, అందుకే గుర్తుండటం లేదు.

నేను పరీక్షించింది ఆమె మతిని కాదు, ఆమె బడికి వెళ్ళిందా లేదా అన్నది. ఆ తలవంపు ఆమెకు నా వల్ల వచ్చింది. ఇప్పటికీ బాధపడతాను. ఇప్పుడు పరిస్థితి మెరుగైంది. తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారు చేయించిన పరీక్షలు ఉన్నాయి, చదువు రానివాళ్ళకు తగ్గ ప్రశ్నలూ ఉన్నాయి. అమ్మగారిని తీసుకెళ్ళినప్పుడు, "ఈ పరీక్ష చదువు తక్కువ ఉన్నవాళ్ళ కోసం చేసిందేనా?" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

దీనికి సరిగ్గా ఎదురు కేసు ఒకటి. రిటైరైన తెలుగు మాస్టారు. ఏమడిగినా పద్యం అందుకునేవారు. తారీఖు అడిగితే తిథులు, ఏకాదశి ప్రాశస్త్యం చెప్పేవారు, తారీఖు మాత్రం చెప్పేవారు కాదు. ఇంట్లో అందరూ "నాన్నగారి ధారణ చూడండి" అని మురిసిపోయేవారు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, అలవాటైన వీధిలో దారి తప్పడం భార్య ఒక్కతే గమనించింది. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. మా దగ్గరకు వచ్చేసరికి జబ్బు చాలా ముదిరింది. నిల్వ ఎక్కువ ఉన్న మెదడుతో వచ్చే ఇబ్బంది ఇదే. లోటును చాలాకాలం కప్పిపెడుతుంది, బయటపడ్డాక దిగజారడం వేగంగా ఉంటుంది. అందుకని మాటకారితనం ఉంటే భయం లేదనీ, చదువు లేకపోతే భయమనీ రెండూ అనుకోకండి.

పోల్చాల్సింది అమ్మగారిని ఇంకెవరితోనో కాదు. అయిదేళ్ళ కిందటి అమ్మగారితో పోల్చండి. సినిమా నటుడి పేరు, పెళ్ళిలో కలిసిన దూరపు చుట్టం పేరు తట్టక, సాయంత్రానికి గుర్తొస్తే పెద్దగా కంగారు లేదు. గరిటె, తాళంచెవి లాంటి రోజూ వాడే వస్తువుల పేర్లు పోయి "అది, అదే, దాన్ని" అని మాత్రమే మిగులుతుంటే చూపించాలి. ఒక సంగతి మొదలుపెట్టి మధ్యలో దారి తప్పి, అందించినా తిరిగి పట్టుకోలేకపోవడం. పది నిమిషాల్లో అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ. నలభై ఏళ్ళుగా చేస్తున్న పులిహోరలో వరస తప్పడం. నలుగురు మాట్లాడుతుంటే ముందులా కల్పించుకోకుండా ఊరికే కూర్చోవడం. ఇవి కొత్తగా వచ్చి, నెలనెలకూ పెరుగుతుంటే న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళండి.

మొదట సరిచేయగలిగే కారణాలు వెతకమనండి. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు, తలకు దెబ్బ తగిలాక లోపల గడ్డకట్టిన రక్తం, వినికిడి లోపం. ఇవన్నీ మతిమరుపులా కనబడతాయి, వైద్యంతో చాలావరకు బాగుపడతాయి.

ఇక ఇప్పుడు చేయగలిగింది. ఆ సిస్టర్ల దగ్గరే ఇంకో పాఠం దొరికింది, దాని మీద ఎవరూ వీడియోలు చేయరు. మెదడులో అల్జీమర్స్ గుర్తులు ఉన్నవాళ్ళలో, చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయిన మచ్చలు కూడా ఉన్నవాళ్ళకే మతి చెడే అవకాశం చాలా ఎక్కువగా ఉందని 1997లో తేలింది. బీపీ, షుగర్ అదుపులో పెట్టడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. లాన్సెట్ కమిషన్ 2024లో మార్చుకోగల 14 కారణాలు చూపించి, వాటిని సరిచేస్తే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం నివారించడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంచనా వేసింది. చిన్నప్పటి చదువు అందులో ఒకటి మాత్రమే. బీపీ, షుగర్, కొలెస్టరాల్, వినికిడి, చూపు, ఒంటరితనం, దిగులు, కదలకుండా కూర్చోవడం, ఇవన్నీ 67వ ఏట కూడా మన చేతిలో ఉన్నవే. అమ్మగారి చెవులు ఈ నెలలోనే పరీక్ష చేయించండి. కంట్లో శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.

ఒంటరితనం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ఊరి నుంచి పిల్లల ఫ్లాటుకో, మనవల్ని చూసుకోవడానికి డల్లాస్‌కో న్యూజెర్సీకో వచ్చిన అమ్మలను చాలామందిని చూశాను. తిండికి లోటు లేదు, మందులకు లోటు లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుగులో మాట్లాడే మనిషి లేడు. మూడు నెలల్లో మాట సన్నబడిపోతుంది. అది జబ్బో, మాట్లాడే తోడు లేకపోవడమో తేల్చడం మాకే కష్టమవుతుంది. మీ అమ్మగారికి రోజుకు ఒక గంటైనా, తను వినడం కాకుండా తను చెప్పే మాట ఉండాలి. చెల్లెలితో ఫోను, గుళ్ళో తోటివాళ్ళు, కింద అంతస్తులోని ఆవిడ, ఎవరైనా సరే.

పాప విషయం. రెండు భాషలు కలిపి మాట్లాడటం లోపం కాదు. మన నగరాల్లో పెద్దలూ అలాగే మాట్లాడుతారు. నిమ్స్ పరిశోధనలో లాభపడినవాళ్ళూ ఇలాంటి నగరంలో బతికినవాళ్ళే. వర్క్‌బుక్కులు, బ్రెయిన్ గేములు కొనకండి. పిల్ల బడి నుంచి రాగానే "ఏం జరిగింది?" అని అడిగితే "ఏం లేదు" అంటుంది. "ఎవరు ఏడ్చారు, ఎందుకు ఏడ్చారు, టీచర్ ఏమంది, నువ్వయితే ఏం చేసేదానివి?" అని అడగండి. ఈ ఎందుకు, అప్పుడు, అయినా, కాబట్టి అన్నవాటిలోనే ఇందాక చెప్పిన చిక్కదనం పుడుతుంది. అది ఏ భాషలో మొదలైనా ఫరవాలేదు. అయితే అమ్మమ్మతో మాట్లాడాలంటే తెలుగే దారి కాబట్టి, తెలుగు వదలకండి. డెబ్భై ఏళ్ళ తర్వాత పాప మెదడు ఎలా ఉంటుందో అని కాదు. ఈ ఏడాది ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోవాలని.

రెండింటికీ కలిపి ఒక పని చెబుతాను. పాపను అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టి ఫోనులో రికార్డింగు పెట్టండి. అమ్మగారి అనుమతి అడిగి, దాచకుండా పెట్టండి. తన పెళ్ళి ఎలా జరిగిందో, మొదటిసారి పట్నం వచ్చినప్పుడు ఏం చూసిందో చెప్పమనండి. అయిదారు నిమిషాలు చాలు. తారీఖు రాసి దాచుకోండి. ఆరు నెలల తర్వాత అదే కథ మళ్ళీ అడిగి రికార్డు చేయండి. డాక్టరు దగ్గరకు వెళ్తే రెండూ తీసుకెళ్ళండి. క్లినిక్కులో పావుగంట పరీక్షలో నాకు దొరకనిది ఆ రెండు రికార్డింగుల మధ్య తేడాలో చాలాసార్లు దొరికింది. రికార్డు చేసేటప్పుడు ఆమె తడబడిన చోట మీరు మాట అందించకండి, పాపను కూడా అందించనివ్వకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుని ఆగండి. చాలామందికి ఏడో ఎనిమిదో అంకె దగ్గర మాట దానంతట అదే వస్తుంది.